127 తర్వాత వోల్టేజ్ తగ్గింది: ప్రింటర్ పోర్ట్‌కి చేత్తో కట్టిన ఒక డాక్ కేసు

నేపథ్యం

పాత కంప్యూటర్లను నడిచే స్థితిలో ఉంచి చూపించే ఒక సంగ్రహం నుంచి ఈ పని వచ్చింది. వాళ్ల దగ్గర 386 ప్రాసెసర్ ఉన్న పాత పీసీ ఒకటి ఉంది. దాని వెనక ప్రింటర్ పోర్ట్‌కి తగిలించే, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె కూడా ఉంది. కంప్యూటర్ ఇచ్చే అంకెల్ని వోల్టేజ్‌గా మార్చి శబ్దం పలికించే డాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) అది. పెట్టె మీద పేరు లేదు, కంపెనీ గుర్తు లేదు. ఎవరో సొంతంగా కట్టుకున్నది. ఒకవైపు 25 పిన్నుల కనెక్టర్, మరోవైపు ఆడియో సాకెట్. లోపల రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, అంతే. ఐసీ (చిప్) ఒక్కటీ లేదు, కరెంటు కోసం వేరే తీగ లేదు. యజమానులెవరు, పెట్టె ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనేవి కేసుకి అవసరం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇలాంటివి 1980ల రెండో సగంలో, 90ల మొదట్లో చాలామంది కట్టుకున్నారు. అప్పటి పీసీలో శబ్దమంటే ఉన్నదల్లా లోపలి స్పీకర్. దానికి తెలిసింది రెండే స్థితులు: ఆన్, ఆఫ్. సౌండ్ కార్డు అందరి దగ్గరా ఉండేది కాదు. ప్రింటర్ పోర్ట్ మాత్రం దాదాపు ప్రతి యంత్రానికీ ఉండేది. కోవాక్స్ అనే కంపెనీ స్పీచ్ థింగ్ పేరుతో అమ్మింది కూడా ఈ పోర్ట్‌కి తగిలించే రెసిస్టర్ల పెట్టెనే. అందులో కొనాల్సినంత రహస్యమేమీ లేదని తెలిశాక జనం సొంతంగా కట్టడం మొదలుపెట్టారు. చాలా ఆటలు, మ్యూజిక్ ప్లేయర్లు ఇలాంటి పెట్టెను ఒక ఆప్షన్‌గా చూపించేవి.

పని చేసే తీరు ఇది. ప్రోగ్రాం 378 హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకె) అడ్రసుకి ఒక బైట్ రాస్తే ఆ ఎనిమిది బిట్లు పిన్ 2 నుంచి పిన్ 9 దాకా ఎనిమిది తీగల మీద నిలబడతాయి. మళ్లీ రాసేదాకా కదలవు. ఆ ఎనిమిదింటినీ వాటి వాటి బరువును బట్టి (1, 2, 4 ఇలా 128 దాకా) కలిపి ఒకే వోల్టేజ్ చేయడమే పెట్టె పని. ఇందులో ఉన్నది ఆర్-టూఆర్ ల్యాడర్. ప్రతి బిట్ నుంచి 2ఆర్ విలువ గల కాలు ఒకటి దిగుతుంది, పక్కపక్క బిట్ల మధ్య ఆర్ విలువ గల మెట్టు ఒకటి ఉంటుంది, చిన్న బిట్ చివర గ్రౌండ్‌కి మరో 2ఆర్ ఉంటుంది. ఇక్కడ ఆర్ అంటే 10 కిలో ఓమ్‌లు. ల్యాడర్ చివర గ్రౌండ్‌కి ఒక ఫిల్టర్ కెపాసిటర్, సాకెట్ వైపు ఒక కప్లింగ్ కెపాసిటర్.

ఫిర్యాదు

యంత్రం మాట్లాడే పాత ప్రదర్శన ప్రోగ్రాం ఒకటి ఉంది. గట్టిగా పలికే మాటలు బాగానే వినిపిస్తున్నాయి. గొంతు తగ్గిన చోట, మాటకీ మాటకీ మధ్య, బొంగురు గరగర వస్తోంది. మాట ఆగిపోతూ ఉండగా గరగర పెరుగుతుంది, పూర్తి నిశ్శబ్దంలో ఒక్కసారిగా పోతుంది. దీనికి తోడు ఎక్కడ పడితే అక్కడ చిటపటలు. సంగ్రహం వాళ్లు రెండింటినీ కలిపి 'ముతక శబ్దం' అని రాసి పంపారు. పాత వస్తువు కదా, ఇలాగే ఉండేదేమో అన్న అనుమానం కూడా వాళ్లకుంది. అది న్యాయమైన అనుమానమే. 8 బిట్లతో ఆదర్శంగా కట్టిన డాక్‌కి కూడా శబ్దానికీ సొదకీ మధ్య వచ్చే గరిష్ఠ దూరం సుమారు 50 డెసిబెల్స్. ఆ కొద్దిపాటి సొద ఈ పెట్టె హక్కు. కానీ శబ్దం తగ్గేకొద్దీ పెరిగే గరగర ఆ లెక్కలోకి రాదు.

నా దగ్గరికి రాకముందే వాళ్ల సాంకేతిక సిబ్బంది ఒక ప్రయత్నం చేశారు. ఫిల్టర్ కెపాసిటర్ 4.7 నానోఫారడ్‌ది తీసి 22 నానోఫారడ్‌ది వేశారు. ల్యాడర్ బయటికి చూపే ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) ఆర్, అంటే 10 కిలో ఓమ్‌లు. దాంతో లెక్కేస్తే ఫిల్టర్ కోత (పై ఫ్రీక్వెన్సీలు తగ్గడం మొదలయ్యే చోటు) సుమారు 3.4 కిలోహెర్ట్జ్ నుంచి 720 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. మాటలు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టయ్యాయి, గరగర మాత్రం అక్కడే ఉంది. నాకు ఇది పనికొచ్చిన సమాచారం. లోపం పై ఫ్రీక్వెన్సీల్లో విడిగా కూర్చున్న సొద అయితే ఫిల్టర్‌కి చిక్కేది. చిక్కలేదంటే అది మాటలోనే కలిసిపోయిన వక్రీకరణ.

సంగ్రహం పెట్టిన షరతులు నాలుగు. సౌండ్ కార్డు పెట్టి నటించకూడదు. పెట్టె కరెంటు లేని పెట్టెగానే ఉండాలి. చేసిన మార్పు ఏదైనా తర్వాత వెనక్కి తీయగలిగేలా ఉండాలి. ప్రదర్శన ప్రోగ్రాంని ముట్టుకోకూడదు. ఈ షరతులు లేకపోతే ఈ కేసు రాయాల్సినంత పెద్దది కాదు.

మొదటి నిర్ణయం: కాలమా, బరువా

ఏ డాక్ అయినా రెండు రకాలుగా తప్పుతుంది. ఇవ్వాల్సిన వోల్టేజ్ ఇవ్వదు, లేదా ఇవ్వాల్సిన సమయానికి ఇవ్వదు. ఈ రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి కానీ మందు వేరు. అందుకే ముందు వీటిని విడదీయాలనుకున్నాను.

ఈ విభజన మొదటి నుంచీ ఉన్నది కాదు. 1940లలో బెల్ ల్యాబ్స్‌లో వాడిన షానన్-రాక్ డీకోడర్‌లో కాలమే బరువు. బిట్లు చిన్నది ముందుగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కో బిట్ కెపాసిటర్‌లో ఒకే పరిమాణం చార్జిని పోస్తుంది. రెండు బిట్ల మధ్య వ్యవధిలో కెపాసిటర్ వోల్టేజ్ సరిగ్గా సగానికి పడేలా దాని పక్క రెసిస్టర్‌ను ఎంచుకుంటారు. చివరి బిట్ వచ్చే సమయానికి ముందు వచ్చినవన్నీ తగినన్నిసార్లు సగమై, వాటి బరువులు వాటికి వచ్చేస్తాయి. అందం ఉంది, కానీ కొలిచే క్షణం కాస్త జరిగితే విలువే మారిపోతుంది. రాక్ చేర్చిన సర్క్యూట్ పని, కొలిచే క్షణం దగ్గర ఆ జారుడును కాసేపు చదును చేయడం. మన పెట్టెలో పోర్ట్ బైట్‌ని పట్టి ఉంచుతుంది కాబట్టి కాలం, బరువు వేర్వేరు చోట్ల ఉన్నాయి. విడివిడిగా పరీక్షించే అదృష్టం మనకుంది.

కాలాన్ని పరీక్షించడానికి అదే యంత్రంలోని స్పీకర్‌ని వాడాను. ఒక పాత ప్లేయర్ ప్రోగ్రాం ప్రింటర్ పోర్ట్ డాక్‌కీ, లోపలి స్పీకర్‌కీ రెండింటికీ వాయించగలదు. స్పీకర్‌కి రెండే స్థితులున్నా అది కూడా ఒక డాకే అవుతుంది: 1.193 మెగాహెర్ట్జ్ టైమర్‌తో పల్స్ వెడల్పుని మారుస్తారు, స్పీకర్ కోన్ బద్ధకమే ఫిల్టర్. ఒక్కో నమూనాకి (శబ్దంలో ఒక క్షణపు విలువకి) 64 టిక్కులు కేటాయిస్తే 6 బిట్లు వస్తాయి, వేగం సుమారు 18.6 కిలోహెర్ట్జ్. ఇందులో సరిపోల్చాల్సిన రెసిస్టర్లు లేవు. 31కీ 32కీ తేడా ఒక టిక్, 32కీ 33కీ తేడా ఇంకో టిక్, రెండూ ఒకే గడియారానివి. ప్రాసెసర్, టైమర్, ప్రోగ్రాం, పాట అన్నీ అవే. మారింది కన్వర్టర్ ఒక్కటే.

చిటపటలు రెండింట్లోనూ వచ్చాయి. అంటే పెట్టెకి సంబంధం లేదు. గరగర విషయంలో మాత్రం ఈ పరీక్ష మాట నేను తీసుకోలేదు. 6 బిట్ల స్పీకర్‌కి చిన్న శబ్దాల దగ్గర సొంత గరుకుతనం ఉంటుంది. అక్కడ దాన్ని సాక్షిగా నిలబెడితే తప్పుడు తీర్పు వస్తుంది.

చిటపటల సంగతి

ఇది త్వరగా తేలింది. ఆ యంత్రంలో ఈఎంఎం386 అనే మెమరీ మేనేజర్ లోడ్ అవుతోంది, వేరే ప్రదర్శన ప్రోగ్రాంలకి ఎక్స్‌పాండెడ్ మెమరీ కావాలని ఎవరో పెట్టారు. అది ఉంటే డాస్ (అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్) వర్చువల్ 8086 మోడ్‌లో నడుస్తుంది. టైమర్ ప్రాసెసర్‌ని పిలిచే ప్రతి పిలుపూ (ఇంటరప్ట్) ఆ మెమరీ మేనేజర్ గుండా వెళ్లి రావాలి. ప్లేయర్ టైమర్‌ని 108తో భాగించి సుమారు 11 కిలోహెర్ట్జ్ దగ్గర నడుపుతోంది. అంటే ఒక నమూనాకీ ఇంకో నమూనాకీ మధ్య 90 మైక్రోసెకన్లు. 386కి అది ఉదారమైన వ్యవధి కాదు. ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, కొన్ని నమూనాలు వెనకబడతాయి, అదే చిటపట.

1990లో వచ్చిన డిస్నీ సౌండ్ సోర్స్ ఈ చిక్కుని ముందే చూసింది. దాని పెట్టెలో 16 బైట్ల క్యూ ఉంది, నమూనాలను సుమారు 7 కిలోహెర్ట్జ్ చొప్పున తన గడియారంతో తానే బయటికి వదులుతుంది. ప్రాసెసర్ కాస్త ఆలస్యమైనా క్యూలో సరుకు ఉంటుంది. మన పెట్టెకి గడియారం లేదు, క్యూ లేదు, ఆలస్యమంతా నేరుగా చెవికి చేరుతుంది. కాబట్టి మందు యంత్రంలోనే: బూట్ మెనూలో మెమరీ మేనేజర్ లేని మార్గం ఒకటి పెట్టి, ఈ ప్రదర్శనకి దాన్నే వాడమన్నాం. చిటపటలు పోయాయి. గరగర నిక్షేపంగా ఉంది.

రెండో నిర్ణయం: ఆపి కొలవడం

డాక్‌ని చెవితోనే పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం తక్కువ. చెవికి వినబడేలోపు ప్రోగ్రాం, టైమర్, ఫిల్టర్, ఆంప్లిఫయర్, స్పీకర్ అన్నీ మధ్యలో చేయి పెడతాయి. ఒకే అంకె ఇచ్చి ఆపేస్తే ఆ అంకెకి ఎన్ని వోల్టులు అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. దానికి మామూలు మల్టీమీటర్ చాలు.

డాస్‌తో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రాంలో 'ఓ' కమాండ్‌తో పోర్ట్‌కి నేరుగా బైట్ పంపవచ్చు. ప్రోగ్రాం రాయనక్కర్లేదు. మీటర్ ప్రోబ్ పెట్టేచోటు మాత్రం ముఖ్యం. ఆడియో సాకెట్ దగ్గర పెడితే కప్లింగ్ కెపాసిటర్ స్థిరమైన వోల్టేజ్‌ని ఆపేస్తుంది, మీటర్ సున్నా చూపిస్తుంది. ల్యాడర్‌కీ ఆ కెపాసిటర్‌కీ మధ్య పెట్టాలి.

256 అంకెలూ కొలవాల్సిన పని లేదు. ల్యాడర్ ఎక్కడ తప్పగలదో ముందే తెలుసు: చిన్న బిట్లన్నీ ఆరిపోయి పెద్ద బిట్ ఒక్కటి వెలిగే చోట. 7 నుంచి 8, 15 నుంచి 16, 31 నుంచి 32, 63 నుంచి 64, 127 నుంచి 128. ఈ పోర్ట్‌లో హై అంటే సుమారు 3.5 వోల్టులు, లో అంటే 0.15 దగ్గర. టీటీఎల్ అనే పాత తరం చిప్ కాబట్టి 5 దాకా ఎక్కదు. ఆ లెక్కన ఒక్కో మెట్టు 13 మిల్లీవోల్టులు రావాలి. చిన్న జతలన్నీ దాని చుట్టుపక్కలే వచ్చాయి. 127 నుంచి 128కి వెళ్తే వోల్టేజ్ 13 పెరగాల్సింది, సుమారు 70 మిల్లీవోల్టులు తగ్గింది.

తూకపు రాళ్లతో చెబితే, చిన్న రాళ్లు ఏడూ కలిపి 127, పెద్ద రాయి ఒక్కటి 128. అసలు తేడా ఒక్కటే. పెద్ద రాయి నూటికి ఒక వంతు తేలికైనా ఆ తేడా మింగుడుపడిపోతుంది. ల్యాడర్‌లో ఇది ఇంకాస్త కచ్చితంగా చెప్పొచ్చు. పెద్ద బిట్ కాలు విలువ కాస్త ఎక్కువైతే దాని బరువు అందులో సగం శాతం తగ్గుతుంది, మిగతా ఏడింటి బరువు సగం శాతం పెరుగుతుంది. రెండూ కలిసి ఆ మెట్టుని ఒక శాతానికి 1.275 మెట్ల చొప్పున కిందికి లాగుతాయి. 0.78 శాతం దగ్గర మెట్టు పూర్తిగా మాయమవుతుంది. 5 శాతం దగ్గర అయిదు మెట్లకు పైగా వెనక్కి పోతుంది. 70 మిల్లీవోల్టులంటే సరిగ్గా ఆ లెక్కే.

గట్టి మాటలు బాగుండి, చిన్న మాటలు పాడవడం ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. 8 బిట్ల శబ్దపు నమూనాల్లో నిశ్శబ్దం అంటే 128. గట్టి శబ్దం ఆ గీతను ఒక్కో చక్రంలో రెండుసార్లు దాటి దూరంగా వెళ్లిపోతుంది. చిన్న శబ్దం దాని మీదే కాపురం ఉంటుంది. శబ్దమే నాలుగు మెట్ల ఎత్తు ఉన్నప్పుడు మధ్యలో అయిదు మెట్ల గుంట ఉంటే ఇక మిగిలేది గుంటే. మాట పూర్తిగా ఆగాక నమూనాలన్నీ 128 దగ్గర స్థిరంగా నిలబడతాయి, గీత దాటడం ఉండదు, గరగరా ఉండదు.

టంకం ముట్టేముందు ఇంకో రుజువు కావాలనిపించింది. మీటర్ లెక్క, చెవి ఫిర్యాదు రెండూ ఒకటేనా? చిన్న ప్లేయర్ ఒకటి రాసి, గొంతు తగ్గిన ముక్కలో ప్రతి నమూనాకీ 24 కలిపి వాయించాను. నిశ్శబ్దం 128 నుంచి 152కి జరిగింది. శబ్దం అదే, పెట్టె అదే, గుంట దగ్గర నడవడం ఒక్కటే మానేసింది. గరగర పోయింది. కప్లింగ్ కెపాసిటర్ ఆ అదనపు స్థిర వోల్టేజ్‌ని ఆపుకుంటుంది కాబట్టి వినేవాళ్లకి తేడా తెలియదు. అలాగే వదిలేయొచ్చు కదా అంటే, గట్టి శబ్దాల తలలు 255 దగ్గర తెగుతాయి. పైగా ప్రదర్శన ప్రోగ్రాంని ముట్టుకోకూడదు. రుజువుగా వాడి పక్కన పెట్టాను.

పెట్టె లోపల

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. పోర్ట్ నుంచి, ఆంప్లిఫయర్ నుంచి విడదీసిన ల్యాడర్‌లో ఏ రెసిస్టర్‌నైనా ఊడదీయకుండా అక్కడికక్కడే కొలవొచ్చు. బిట్ల వైపు చివరలు గాలిలో ఉంటాయి, గ్రౌండ్‌కి వెళ్లే దారి ఒక్కటే, కెపాసిటర్లు స్థిర కరెంటుని పోనివ్వవు. రెండు బిందువుల మధ్య రెండో దారి ఉండదు. సర్క్యూట్‌లో ఉండగా రెసిస్టర్ కొలవకూడదన్న మాట బడిలో అందరం నేర్చుకుంటాం. ఇది దానికి చక్కని మినహాయింపు.

లోపల కనబడింది ఇది. కట్టినవాళ్లు ఆషామాషీగా కట్టలేదు. 2ఆర్ ఉండాల్సిన ప్రతిచోటా 20 కిలో రెసిస్టర్ ఒకటి వేయకుండా, గోధుమ-నలుపు-నారింజ పట్టీల 10 కిలోవి రెండేసి వరసగా కలిపి వేశారు. అన్నీ ఒకే రకం, బహుశా రెసిస్టర్లను వరసగా అంటించి అమ్మే ఒకే టేపులోంచి కోసినవి. ఒకే టేపులోవి అసలు విలువకి దూరంగా ఉన్నా ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ల్యాడర్‌కి కావాల్సింది ఆ నిష్పత్తే. పెద్ద బిట్ కాలు దగ్గర మాత్రం ఎరుపు-నలుపు-నారింజ, పక్కన బంగారు పట్టీ: 20 కిలో ఒక్కటి, 5 శాతంది (అసలు విలువ అంత అటూ ఇటూ ఉండొచ్చు). అక్కడి టంకం మిగతా వాటికన్నా మెరుస్తోంది. మిగతా కాళ్లు 19.9 కిలో దగ్గర ఉంటే ఇది 20.9. ఎప్పుడో ఒక కాలు విరిగి, ఎవరో దొరికింది వేసి బాగుచేశారు. 5 శాతం హామీలోనే ఉంది కాబట్టి దాన్ని చెడిపోయిన రెసిస్టర్ అనడానికి లేదు. ఆ చోటికి సరిపోనిది, అంతే.

దీంతో సంగ్రహం వాళ్ల అనుమానానికీ జవాబు దొరికింది. గరగర పుట్టుకతో వచ్చింది కాదు, మధ్యలో జరిగిన మరమ్మతుతో వచ్చింది. తీసేస్తే చరిత్రను చెరిపినట్టు కాదు.

పని చేయనివి, వద్దనుకున్నవి

సిబ్బంది సూచన: అన్నీ తీసేసి 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేద్దాం. అసలు పెట్టెను ముట్టుకోకుండా వేరే బోర్డు మీద కొత్త 10 కిలో, 20 కిలో వాటితో నకలు కట్టి అదే పోర్ట్‌కి తగిలించి చూశాం. గరగర బాగా తగ్గింది, పోలేదు. 127 నుంచి 128కి ఇంకా కొద్దిగా వెనకడుగే. పైన చెప్పిన లెక్క ప్రకారం 0.78 శాతం తేడాకే మెట్టు పోతుంది కాబట్టి 1 శాతం హామీ 8 బిట్లకి చాలదు. కానీ ఆ నకలులో రెసిస్టర్లు కొలిస్తే అంత తేడా లేదు. ఇంకేదో కూడా ఉందని అర్థమైంది.

ఆ ఇంకేదో పోర్ట్ కార్డు. ల్యాడర్ తగిలించి ఉండగా ఒక్కో పిన్ హై వోల్టేజ్ కొలిస్తే, పెద్ద బిట్ మిగతా వాటికన్నా సుమారు 25 మిల్లీవోల్టులు తక్కువ ఇస్తోంది. శాతంలో 0.75 దగ్గర. ప్రింటర్‌కి ఇది ఏమీ కాదు, అది హై అయితే చాలంటుంది. 74ఎల్‌ఎస్374 లాంటి చిప్పులు లో వైపు 24 మిల్లీ ఆంపియర్లు పీల్చగలవు, హై వైపు ఇచ్చేది 2.6 మాత్రమే. హై వోల్టేజ్ ఇంత కచ్చితంగా ఉండాలని వాటినెవరూ అడగలేదు. మనం ప్రింటర్ తీగల్ని కొలత తీగలుగా వాడుతున్నాం. తప్పు చిప్‌ది కాదు.

దీనికి పుస్తకంలో రాసే మందు బఫర్. 74హెచ్‌సీటీ541 లాంటి సీమాస్ చిప్ మధ్యలో పెడితే అది టీటీఎల్ స్థాయిల్ని అర్థం చేసుకుని, తన వైపు దాదాపు సున్నా నుంచి 5 వోల్టుల దాకా ఆడుతుంది, ఎనిమిది పిన్నులూ ఒకే సరఫరా నుంచి. కొత్తగా డిజైన్ చేస్తే నేను అదే చేస్తాను. ఇక్కడ దానికి 5 వోల్టులు కావాలి, గేమ్ పోర్ట్ నుంచి తీగ లాగాలి. కరెంటు లేని పెట్టె అన్న షరతు పోతుంది. కొలిచిన బరువులతో పట్టిక కట్టి నమూనాలను సాఫ్ట్‌వేర్‌లో సర్దడం ఇంకో దారి. అది వాయించే ప్రోగ్రాం మన చేతిలో ఉంటేనే కుదురుతుంది.

పని చేసింది

ముందు ఆ 20 కిలో తీసి, 10 కిలోవి రెండు వరసగా వేశాం, కట్టినవాళ్ల పద్ధతిలోనే. ఒకే టేపులోంచి చాలా కొలిచి, మిగతా కాళ్ల మొత్తానికి దగ్గరగా వచ్చే జతను ఎంచాం. కొలిచేటప్పుడు వేళ్లతో పట్టుకోకుండా క్లిప్పులతో పట్టాం, వేడికి విలువ కదులుతుంది. మీటర్ అసలు విలువను కాస్త తప్పు చూపించినా ఫరవాలేదు, అన్నింటినీ అదే మీటర్ చూస్తోంది.

ఈ దశలో 127, 128 దాదాపు ఒకే వోల్టేజ్ ఇచ్చాయి. వెనకడుగు పోయింది, ముందడుగు పడలేదు. పోర్ట్ తేడా మిగిలి ఉంది కదా. పెద్ద బిట్ కాలును 150 ఓమ్‌లు తగ్గిస్తే ఆ తేడా సర్దుకుంటుందని లెక్క. 150 ఓమ్‌లు తక్కువున్న జతను మొదటే ఎంచి ఉండొచ్చు. కానీ రెసిస్టర్ల దిద్దుబాటు, కార్డు దిద్దుబాటు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం నాకు ఇష్టం లేదు. మొదటిది పెట్టెకి చెందింది, రెండోది యంత్రానికి చెందింది. అందుకే 20 కిలో జతకి అడ్డంగా 2.7 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేశాం. అది మొత్తం విలువని సుమారు 19.75 కిలోకి దించుతుంది. ఇంత పెద్ద విలువ రెసిస్టర్‌కి 5 శాతం తేడా ఉన్నా ఫలితంలో ఏడెనిమిది ఓమ్‌లే కదులుతుంది, ఖరీదైనది అక్కర్లేదు. చిన్న ముక్క, రెండు టంకపు చుక్కలు. తీసేయడం ఒక నిమిషం పని.

మళ్లీ అవే జతలు కొలిచాం. అన్నీ పైకే, 127 నుంచి 128 కూడా మిగతా మెట్లతో సమానంగా. 4.7 నానోఫారడ్ కెపాసిటర్‌ని తిరిగి పెట్టాం, దుప్పటి తొలగింది. గొంతు తగ్గిన మాటలు సన్నని సమానమైన సొద మీద స్పష్టంగా వినిపించాయి. ఆ సొద కూడా తీయగలరా అని అడిగారు. తీయలేమని కాదు, అది 8 బిట్ల సొంత శబ్దం, అది వినిపించడానికే ఈ ప్రదర్శన అని చెప్పాను.

ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువైతే మెట్లు పాడవుతాయా అని ఇంకో ప్రశ్న వచ్చింది. పాడవవు. ల్యాడర్ చివర లోడ్ పెడితే అన్ని మెట్లూ ఒకే నిష్పత్తిలో కుంచించుకుంటాయి. శబ్దం చిన్నదవుతుంది, నిష్పత్తులు మారవు. లోపం ఎప్పుడూ బిట్ల వైపు నుంచే వస్తుంది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్న పద్ధతులు

ఇలా చేత్తో కట్టిన డాక్ ఏది వచ్చినా ఇప్పుడు మొదట మీటర్, తర్వాతే స్పీకర్. మొదట సగం దగ్గరి జత, తర్వాత పావు దగ్గరివి. సగం దగ్గర తప్పు లేకపోతే రెసిస్టర్లను అనుమానించడం ఆపి ప్రాసెసర్ వైపు తిరుగుతాను. ఒకే ఫిర్యాదులో రెండు లోపాలు ఉండొచ్చు కాబట్టి ఒకటి బాగైనప్పుడు మిగిలినదాన్ని కొత్త కేసులా రాసుకుంటాను.

పెట్టెను యంత్రం నుంచి వేరుచేసి బాగుచేయడం మానేశాను. ఇలాంటి డాక్‌లు తాము తగులుకున్న హార్డ్‌వేర్ గుణాల మీద బతుకుతాయి, ఆ గుణాలు ఎవరూ హామీ ఇవ్వనివి. కమోడోర్ 64లో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉంది. దాని సౌండ్ చిప్ 6581లోని 4 బిట్ల వాల్యూమ్ రిజిస్టర్‌ని వేగంగా మారుస్తూ జనం మాటల్ని, డ్రమ్ములనీ వాయించారు. అది పలికింది చిప్‌లో ఉన్న స్థిర వోల్టేజ్ లోపం వల్ల. తర్వాతి చిప్ 8580లో ఆ లోపాన్ని చాలావరకు దిద్దారు, దాంతో అవే ప్రోగ్రాంల మాటలు బాగా సన్నబడ్డాయి. చిప్ మెరుగైంది, డాక్ పోయింది.

అందుకే పెట్టె మూత లోపలి వైపు ఒక చీటీ అంటించాం. కొలిచిన జతల వోల్టేజ్‌లు, ఏ కార్డుతో కొలిచామో, 2.7 మెగా ఓమ్‌ల ముక్క ఎందుకు ఉందో అందులో ఉంది. కార్డు మారిస్తే ముందు ఆ ముక్కను తీసేయాలి. తర్వాత డీబగ్‌లో 7ఎఫ్, 80 (హెక్స్‌లో 127, 128) పంపి తేడా కొలవాలి. తేడా పదమూడు మిల్లీవోల్టులకి దగ్గరగా ఉంటే అలాగే వదిలేయాలి, లేకపోతే కొత్త విలువ లెక్కేసుకోవాలి. సూత్రం చీటీ వెనకవైపు ఉంది.